తాటేటిరేవు పెద్దచెవులయ్య

తాటేరు సముద్రంలో కలిసే మొగకు కాస్త ఎగువన, ఎడమగట్టు మీద తాటేటిరేవు అనే ఊరుంది. ఊరిని ఆనుకొని ఉన్న ఎర్రమట్టి కొండమీద, పాత ఇటుకల దిబ్బల నడుమ, పద్మాసనంలో కూర్చున్న సున్నపురాతి మూర్తిని యాత్రికులు దర్శించవచ్చు. మెట్లు నిటారుగా ఉంటాయి కనుక పెద్దవారు ఎండ ముదరకముందే ఎక్కడం మంచిది. మూర్తి కళ్ళు అరమూతలుగా ఉంటాయి. చెవులు మాత్రం భుజాల మీదికి సాగి ఉంటాయి. చదువుకున్నవారు బుద్ధ భగవానుడంటారు, ఊరివారు పెద్దచెవులయ్య అంటారు. రెండూ నిజమే కనుక వాదం పెట్టుకోనక్కరలేదు. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. హుండీ లేదు, శఠగోపం లేదు. "ఇంతింత చెవులుండి మా మొక్కు వినలేదే!" అని కొత్తగా వచ్చినవారు నిష్ఠూరమాడటం కద్దు. ఆ చెవులు మొక్కుల కోసం చెక్కినవి కావు. ఎందుకు చెక్కారో పెద్దలు చెప్పుకొనే కథను ఇక్కడ మనవి చేస్తున్నాము.

పూర్వం ఇక్కడ, ఈ కొండమీద ఒక ఆరామం ఉండేది. అందులోని భిక్షువులు తక్కిన కాలమంతా ఊళ్ళు తిరిగి, వానాకాలం రాగానే కొండ చేరి, వానలు వెలిసేదాకా కదిలేవారు కాదు. తడినేలమీద నడిస్తే పురుగూ పుట్రా, లేతమొలకలూ కాలికింద నలుగుతాయని వారి నియమం. కొండ కింది రేవులో ఓడలవారు ఉండేవారు. వారందరికీ పెద్ద సివకుడు. మహానావికుడని ఆయనకు బిరుదు. మొగలో ఇసుకతిన్నెలు ఎక్కడున్నాయో ఆయనకు తెలిసినట్టు చేపలకు కూడా తెలియదని రేవులో చెప్పుకొనేవారు.

ఆయనకు ఒక్కగానొక్క కొడుకు ధమ్మిలుడు. తండ్రి ఓడలోనే పనిచేసేవాడు. కోడలు నాగిల. మావగారి చూపు మందగిస్తున్నదని ముందుగా కనిపెట్టింది ఆమే. ఒకనాడు ఆయన నీళ్ళచెంబు కోసం చెయ్యి చాచి పక్కనున్న గోడను తడిమాడు. మరొకనాడు వాకిట్లో నిలబడ్డ పొరుగింటాయన్ని "ఏరా ధమ్మిలా, భోంచేశావా?" అని పలకరించాడు. పొరుగింటాయన "ఆఁ, చేశాను నాన్నా" అని చెప్పి జారుకున్నాడు. దానితో నాగిలకు అర్థమైంది, ఈ సంగతి ఊరంతా ఎరుగునని.

ఎరిగి ఏం లాభం? పిల్లి మెడలో గంట కట్టేదెవరు? తెడ్లు వేసేవారు మాత్రం ఒక ఉపాయం పన్నారు. ఓడ ఏటిలో సాగుతుండగా తమ పాటలోనే "ఎడమన తిన్నె, హైలెస్సా! కుడికి తిప్పు, హైలెస్సా!" అని కలిపి పాడసాగారు. సివకుడు ఆ పాటను బట్టి చుక్కాని తిప్పేవాడు. ఇంట్లో నాగిల ఆయన నడిచే దారిలోంచి పీటలు తీసేసేది, చెంబు చేతికే అందించేది. ఇదంతా పెద్దాయన పట్ల గౌరవమేనని అందరూ అనుకున్నారు. మొహమాటానికి గౌరవమని పేరు పెట్టుకోవడం మనవారికి కొత్త కాదు.

అయితే ఏటిలో సాగినది సముద్రంలో సాగదు. ఆ ఏడు వరదలు ముమ్మరంగా వచ్చాయి. మొగలో తిన్నెలు ఎటు జరిగాయో ఎవరికీ తెలియదు. కళ్ళతో చూసుకుంటూ దాటవలసిందే. అక్కడి కెరటాల హోరులో ఏ పాటా వినబడదు. ఆశ్వయుజ పున్నమి మర్నాడే ఓడ బయలుదేరాలి. మావగారిని ఆపమని నాగిల మొగుడితో చెప్పి చూసింది.

"నాన్న ముఖం మీద ఆ మాట ఎవరంటారే? మునిగి పోతే పోతాను కాని నేను అనలేను" అన్నాడు ధమ్మిలుడు.

"నువ్వొక్కడివే పోవుగా! ఓడ నిండా మనుషులున్నారు" అంది నాగిల.

ధమ్మిలుడు మోకు పేనుకోవడంలో పడ్డాడు.

పున్నమినాడు భిక్షువులకు కొత్తబట్టలు సమర్పించడానికి ఊరివారంతా కొండెక్కారు. వానాకాలపు వాసం ముగిసే ఆనాడు భిక్షువులు తమలో తాము ఒక కార్యం జరుపుకుంటారు. సంసారుల కంట పడకుండా లోపలి మందిరంలో జరగవలసిన కార్యమది. ఆ ఏడు వానలకు మందిరం కప్పు కూలిపోవడంతో ఆరుబయటనే జరుపుకోవలసి వచ్చింది. ఊరంతా కాళ్ళకు మొక్కే పెద్ద భిక్షువు చంద్రముఖ స్థవిరుడు గొంతుకూర్చొని, చేతులు జోడించి, నిన్నగాక మొన్న కాషాయం కట్టినవారిని వేడుకుంటున్నాడు.

"నాలో ఏదైనా తప్పు మీ కంట పడిందా, మీ చెవిన పడిందా? దయచేసి చెప్పండి. దిద్దుకుంటాను."

ఒక పడుచు భిక్షువు ముందుకు జరిగాడు. "భదంతా, భిక్షలో పెరుగు పడిన రోజున మీ ఉపదేశం చల్లగా సాగుతుంది. పడని రోజున మా మీద కసురుకుంటారు" అన్నాడు.

ఇక కొండ విరిగి పడుతుందనుకున్నారు ఊరివారు. స్థవిరుడు ఆలోచించి, "నిజమే. విన్నాను" అని నవ్వాడు. కొండేమీ విరిగి పడలేదు. ఆయన పెద్దరికం ఆవగింజంతైనా తగ్గలేదు. ఊరివారు నోళ్ళు తెరుచుకొని చూస్తుండటం గమనించి ఆయన, "వెనక కొందరు భిక్షువులు తగువులు రాకుండా వానాకాలమంతా మూగనోము పట్టారట. భగవానుడు మెచ్చుకోలేదు. నోరు మూసుకోవడం వేరు, కలిసి ఉండటం వేరు నాయనా" అన్నాడు.

అప్పుడు బట్టల సమర్పణ మొదలైంది. ఊరి పెద్దగా సివకుడు ముందుకు నడిచాడు. మడతపెట్టిన కాషాయబట్టను రెండు చేతులా పట్టుకొని, ఎదురుగా ఉన్న రాతిస్తంభానికి వంగి నమస్కరించి, "స్వీకరించండి భదంతా" అన్నాడు.

అందరూ ముఖాలు తిప్పుకున్నారు. తెడ్డు వేసేవాడొకడు గొంతులోనే "ఎడమకు, హైలెస్సా" అని కూనిరాగం అందుకున్నాడు. నాగిల ఇక ఊరుకోలేకపోయింది.

"మావయ్యా, అది స్తంభం. స్థవిరులవారు మీకు ఎడమపక్కన ఉన్నారు."

"నాగిలా!" అని ధమ్మిలుడు అరిచాడు.

అరిచినా ఆమె ఆగలేదు. "మీకు చూపు ఆనడం లేదు మావయ్యా. నాకు తెలుసు, ఓడలోవాళ్ళకు తెలుసు, ఊరందరికీ తెలుసు. రేపు మీరు మొగ దాటించలేరు. నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టినా సరే, ఓడ మాత్రం మీరు నడపొద్దు."

సివకుడు చేతిలోని బట్టతోనే స్తంభం మొదట్లో చతికిలబడి, "హమ్మయ్య!" అన్నాడు.

"అయితే ఓడలో ఆ పాట..." అని అడిగాడు.

"మీకోసమే కట్టారు మావయ్యా."

"ఓరి మీ దుంపతెగ! మీరేదో ఊరికే పాడుకుంటున్నారనీ, నేను దొంగచాటుగా విని గట్టెక్కుతున్నాననీ అనుకున్నానే!" అని పకపకా నవ్వాడు. నవ్వుతుండగానే ఆయన కళ్ళు నీళ్ళు కార్చాయి. "నా కళ్ళ సంగతి నాకొక్కడికే తెలుసనుకున్నానమ్మా. ఓడ తీసిన ప్రతిసారీ ఇంతమందినీ ముంచేస్తానేమోనని చచ్చి బతికాను. ఎవరో ఒకరు 'ఇక చాలు' అంటే దిగిపోదామని చూశాను. ఎవరూ అనరు. మహానావికుణ్ణి, నా నోటితో నేనెలా చెప్పుకోను?"

ఆయన బట్టను ఎడమపక్కకు తిరిగి స్థవిరుడికి ఇచ్చి, కొడుకును పిలిచి, చుక్కాని ఇకమీద నీదే అన్నాడు. తరువాత అందరూ వినేలా, "అమ్మాయ్, చెయ్యి ఇలా ఇయ్యి. ఈ మెట్లు నాకు కనబడటం లేదు" అన్నాడు. కోడలి చెయ్యి పట్టుకొని, దిగినంతసేపూ కబుర్లు చెబుతూ కొండ దిగాడు.

మర్నాడు చూస్తే పాత దారికి అడ్డంగా కొత్త తిన్నె వేసి ఉంది. ధమ్మిలుడు తెల్లని నురగను దూరం నుంచే గుర్తుపట్టి ఓడను మళ్ళించాడు. ఓడ దాటిందని ఒడ్డున కేకలు వినబడగానే సివకుడు ఇంటికి పోయి పడుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చినా నాగిల ఆయన్ని లేపలేదు. గుమ్మంలో కూర్చొని, ఆ గురక వింటూ, ఎన్నాళ్ళ తరువాతో స్థిమితంగా బియ్యం ఏరుకుంది.

ఓడ క్షేమంగా తిరిగి వచ్చాక సివకుడు ఈ మూర్తిని చేయించాడు. పని ముగిసే వేళ రాతిని వేళ్ళతో తడిమి, "చెవులు ఇంకాస్త సాగదియ్యి నాయనా" అని శిల్పికి చెప్పాడట.

కాలక్రమాన ఆరామం శిథిలమైంది. భిక్షువులు ఎటు వెళ్ళారో తెలియదు. తాటేటిరేవులో నేడు బౌద్ధులమని చెప్పుకొనేవారు ఒక్కరూ లేరు. అయినా ఏటేటా ఆశ్వయుజ పున్నమినాడు ఇళ్ళలోని పెద్దలు కొండెక్కి, అయ్య ఎదుట తమకంటే చిన్నవారి ముందు కూర్చొని, "నాలో తప్పు చూశావా? చెప్పు" అని అడుగుతారు. అత్త కోడలిని, తండ్రి కొడుకును, పంతులుగారు శిష్యుణ్ణి అడగటం ఇక్కడ చూడవచ్చు. అడిగినవారు "విన్నాను" అనే మాట తప్ప వేరొకటి పలకరాదు. సంజాయిషీలు కొండమీద చెల్లవు. దిగేటప్పుడు, చెప్పినవారు విన్నవారికి చెయ్యి అందించి దింపాలి.

అయ్య ఏ వరాలూ ఇస్తాడని మేము చెప్పము. ఆ పున్నమి రాత్రి మాత్రం తాటేటిరేవులో అందరికీ ఒళ్ళెరగని నిద్ర పడుతుంది.