పట్టుశాలువా, స్ఫటికపు బిళ్ళ

రాజు దయతలచి సూరమ్మను క్షమించాడని జనం చెప్పుకుంటారు. తప్పే చేయనిదాన్ని క్షమించడమేమిటి?

ఎండను ఒక్కచోటికి కూర్చి బంగారం కరిగించే స్ఫటికపు బిళ్ళ ఆమె సంరక్షణలో ఉండేది. నెమలీకతో ధూళి దులిపాకే తడి దూదితో తుడిచేది. ఒకనాడు టంకశాల అధికారి వీరభోగయ్య దాన్ని తన పట్టుశాలువాతో బరబరా రుద్దాడు. గీతలు పడ్డాయి. నేరం ఆమెమీదికి నెట్టి, చేయి నరికించమని రాజును అడిగాడు.

“పట్టు తగిలితే గీతలు పడతాయటే, పొగరుబోతుదానా?” అని నిండు సభలో అరిచాడు.

సూరమ్మ కళ్ళు నిప్పులయ్యాయి. “పడవు కదా దొరా! అయితే ఆ శాలువాతోనే మీ కనుగుడ్డు తుడుచుకోండి. నా చేయి నేనే నరుక్కుంటాను.”

అతడు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. “పిచ్చిదానా, దీని నిండా లోహపు రజను ఉంది!”

టంకశాల గడపరాతిమీద ఇలా చెక్కి ఉంది: “శక 1482, రౌద్రి సంవత్సరం. బిళ్ళను గీసిన వీరభోగయ్యను కొలువునుండి తొలగించితిమి.”