గోడకి పొట్టొచ్చిన ఇల్లు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి చివర, కప్పు లేని ఇల్లు ఒకటి. దాని పక్కనే కప్పున్న తోట ఒకటి. నవ్వకు, నిజమే చెప్తున్నా. ఊఁ కొట్టు.

ఆ రెంటికీ యజమాని దాలమ్మ. మగదిక్కు లేని మనిషి. ఇరవై ఏళ్ళు మేస్త్రీల దగ్గర కూలికెళ్ళింది. ఇసుక జల్లించింది, సిమెంటూ ఇసుకా కలిపి మాల్ చేసింది, ఇటుకలు నెత్తిన పెట్టుకుని నిచ్చెనలెక్కింది. ఊళ్ళో సగం ఇళ్ళు ఆవిడ నెత్తి మీదుగా లేచినవే. కానీ తాపీ మాత్రం ఒక్కనాడూ చేతికివ్వలేదు. తాపీ అంటే తెలుసుగా, మాల్ తీసి గోడకి వేస్తారే, ఆ రేకు గరిటె. అది మగాడు పడితే మేస్త్రీ అట. ఆడదానికి ఎన్నేళ్ళయినా కూలీ అనే పేరే. ఏం, మనవి చేతులు కావూ?

నేనెందుకు అరుస్తున్నానంటావా? నేనెక్కడ అరిచానమ్మా! దాలమ్మకి కోపమొచ్చింది, అంతే.

అప్పుడు దాలమ్మ సంతకెళ్ళి ఒక తాపీ కొనుక్కుంది. ఒక తూకంగుండూ కొనుక్కుంది. దారానికి కట్టిన ఇనప గుండు అది. పైనుంచి వదిలితే గోడ నిటారుగా ఉందో వంగిందో చెప్పేస్తుంది. "నా ఇల్లు నేనే కట్టుకుంటా. నన్ను మేస్త్రీ అనకుండా ఎలా ఉంటారో చూస్తా" అంది.

మరి ఇల్లు కట్టే మనిషి తిండి తినాలిగా? అందుకని పక్కనే వెదురుబద్దలు వంచి నాటి, పైన పాలరంగు ప్లాస్టిక్ పట్టా కప్పింది. లోపల టమాటా, పచ్చిమిర్చి, కాస్త కొత్తిమీర వేసింది. లోపలికి వెలుతురొస్తుంది, ఈదురుగాలి రాదు. పొద్దున్నే తోటకి నీళ్ళు, ఎండెక్కేదాకా గోడ, సాయంత్రం మళ్ళీ తోట. తోట కాస్తే ఇటుకలొచ్చేవి. ఇటుకలొస్తే గోడ లేచేది.

మొదట పునాది వేసింది. అప్పుడు అప్పలకొండ మేస్త్రీ ఆ దారిన వచ్చాడు. ఇన్నేళ్ళూ దాలమ్మ ఎక్కువగా కూలికెళ్ళింది ఆయన దగ్గరే. సైకిల్ దిగకుండానే, "ఏంటే దాలమ్మా, అది వంటగరిట అనుకున్నావా? ఆడది కట్టిన గోడ నాలుగు చినుకులకి కూలుద్ది" అన్నాడు. నవ్వుకుంటూ పోయాడు. ఒక చెయ్యి వేశాడా? ఒక్క ఇటుక అందించాడా? హుఁ!

ఆ తర్వాత గోడలు లేపింది. దారిన పోయే ప్రతివాడూ ఆగడం, "మేస్త్రీ ఎవరమ్మా?" అని అడగడం. చేతిలో తాపీ పట్టుకుని, మొహమంతా సిమెంటుతో మనిషి ఎదురుగా నిలబడి ఉంటే కనిపించదు వాళ్ళకి! "నేనే" అంటే, "అది కాదమ్మా, మేస్త్రీ ఎవరూ అని" అనేవాళ్ళు. ఒళ్ళు మండదూ మరి?

ఒకరోజు పడమటి గోడ ఛాతీ ఎత్తుకొచ్చింది. మాల్ ఇంకా పచ్చిగానే ఉంది. అప్పుడు ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. గాలి లేచింది. టపటపా వడగళ్ళు మొదలయ్యాయి. తోట మీది పట్టా ఒక పక్క పర్రున చిరిగింది. దాలమ్మ దగ్గర మిగిలిన పట్టా ఒకటే. గోడకి కప్పాలా, తోటకి కప్పాలా?

గోడ వైపు చూసింది. తోట వైపు చూసింది. టమాటాలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి, రేపో మాపో ఎర్రబడేట్టు. "గోడ పోతే మళ్ళీ కట్టుకుంటా, కాయ రాలితే మళ్ళీ అతికించలేను కదా" అనుకుంది. పరుగెత్తుకెళ్ళి తోటకి కప్పింది. వాన వెలిసేదాకా ఆ పట్టా కొసలు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. వడగళ్ళు నెత్తి మీద పడుతున్నా వదల్లేదు.

తోట దక్కింది. గోడా నిలబడింది. కాకపోతే తడికి కాస్త జారి, మధ్యలో పొట్టొచ్చింది, అన్నం ఎక్కువ తిన్న నీ బొజ్జలాగా. దాలమ్మ తూకంగుండు వేసి చూసింది. పడిపోయే పొట్ట కాదులే అని తెలుసుకుంది. "ఉండనీ, నాదేగా" అని పైన కట్టుకుంటూ పోయింది.

ఆ తర్వాత వాసాలెత్తడానికి తనతో కూలికొచ్చే ఆడవాళ్ళు నలుగురొచ్చారు. పైకప్పు పడింది. ఇల్లు ముద్దొచ్చేట్టు తయారైంది. అప్పుడు మొదలైంది అసలు చోద్యం! టీ కొట్టు దగ్గర అప్పలకొండ మేస్త్రీ మీసం దువ్వుకుంటూ, "దానికేం తెలుసు? అంతా నేను దగ్గరుండి కట్టించిందే" అన్నాడట. ఊరంతా నమ్మింది! మగాడు చెప్పాడుగా, నమ్మరూ?

గృహప్రవేశం నాడు ఆయన అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. ఎందుకో తెలుసా? ఇల్లు కట్టిన మేస్త్రీకి ఆ పూట కొత్తబట్టలు పెట్టడం ఆనవాయితీ. పాలు పొంగాయి. పూజయింది. పంతులుగారు, "బట్టలు పెట్టాలి, మేస్త్రీని పిలవండమ్మా" అన్నారు. పళ్ళెంలో బట్టలున్నాయి, పైన తువ్వాలు కప్పి ఉంది. అప్పలకొండ భుజం మీద కండువా సర్దుకుని లేచాడు.

దాలమ్మ ఒక్క మాట తూలలేదు. "మేస్త్రీగారూ, ముందు ఇలా లోపలికి రండి" అని పడమటి గదిలోకి తీసుకెళ్ళింది. వెనకే ఊరంతా వెళ్ళింది. దాలమ్మ తూకంగుండు తీసి గోడకి వేలాడదీసింది. పైనా దారం గోడకి ఎడంగా ఉంది, కిందా ఎడంగా ఉంది. మధ్యలో గోడ దారాన్ని ముందుకి తోసేసింది.

"గోడకి పొట్టొచ్చింది. ఎవరిదండీ ఈ పని?" అంది దాలమ్మ.

అప్పలకొండ ఉలిక్కిపడ్డాడు. ఇంతమంది ముందు పొట్ట గోడ తనదని ఏ మేస్త్రీ ఒప్పుకుంటాడు? "నాది కాదు! నా జన్మలో నా గోడకి పొట్ట రాలేదు. నేనసలు ఈ గోడ ముట్టుకోలేదు!" అన్నాడు.

"విన్నారుగా? ఆ పొట్ట నాది. ఆ రోజు వడగళ్ళకి తోట కాపాడుకోడానికి పరుగెత్తా, అందుకొచ్చింది. పొట్ట నాదైతే గోడా నాదే. గోడ నాదైతే ఇల్లు కట్టిన మేస్త్రీని నేనే!" అంది దాలమ్మ.

అని పళ్ళెం మీది తువ్వాలు లాగేసింది. లోపల పంచె లేదు, కండువా లేదు. మిరపాకు పచ్చ చీర! పంతులుగారు నోరు తెరిచారు. ఇచ్చేదీ దాలమ్మే, పుచ్చుకునేదీ దాలమ్మే. తన నుదుట తనే బొట్టు పెట్టుకుని, చీర భుజాన వేసుకుని, "ఇప్పుడడగండి, మేస్త్రీ ఎవరో" అంది. ఒక్కరు అడిగితే ఒట్టు.

ఏంటా ముసిముసి నవ్వు? నా పేరూ దాలమ్మే అయితే ఏమైంది? దాలమ్మలు ఊరికి పదిమంది ఉంటారు. సరే, చెయ్యి ఇలా ఇవ్వు. నీ మంచం పక్కన గోడ తడుము. ఇంకాస్త కిందకి... ఆఁ, తగిలిందా బొజ్జ? అదే. రేపు బళ్ళో ఎవరన్నా "మీ అమ్మమ్మ ఏం చేసేది?" అని అడిగితే కూలి అని చెప్పకు. మేస్త్రీ అని చెప్పు. గట్టిగా చెప్పు.

కథ నడిచింది కంచికి,
గోడ ఆనింది మంచానికి,
మనం పోవడమెందుకు ఇంటికి?
ఇక్కడే నిద్దరొస్తోంది కంటికి!