ఉద్ధరిణెడు కాఫీ

సెలవు తీసుకుని వెళ్లిపోదామని యజ్ఞన్న మాస్టారు నిశ్చయించుకున్నారు. ఆ పొద్దున నిర్భరానంద స్వామివారి కుటీరం ముందు ఆయన ఒక చేత్తో కాఫీ కప్పు, ఇంకో చేత్తో అలమర తాళంచెవి పట్టుకుని నిలబడ్డారు. కప్పు ఇవ్వాలి, తాళంచెవి స్వామి పాదాల దగ్గర పెట్టాలి, పది గంటల రైలుకి కొండ దిగిపోవాలి.

అంత కష్టం ఏమొచ్చిందయ్యా అంటారా? కాఫీ కుదరడం లేదు.

నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ అమ్మా, ఎవరి ప్రాణం ఏ చిన్న గిన్నెలో ఉంటుందో ఆ పరమాత్ముడికే తెలుసు. మాస్టారి ప్రాణం ఆ కప్పులో ఉంది.

ఆయన విజయనగరంలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక ఇల్లు కరవొచ్చేది. అరకు దారిలో కొండవాలున, కాఫీ తోటల మధ్య ఉన్న స్వామివారి ఆశ్రమానికి వచ్చి, "నన్నూ ఉండనివ్వండి" అన్నారు. ఉండొచ్చు. నియమం ఒకటే. ఏదో ఒక సేవ చేతిలో ఉండాలి.

గోశాలలో పెడితే ఆవు తన్నింది. మర్నాడు ఇంకో ఆవు తన్నింది. దండలు కట్టమంటే, కట్టిన దండ స్వామివారి పటం దాకా వెళ్లేలోపే దారం వదిలేసింది. వంటశాల చూసుకునే తాయారమ్మ, "పోన్లెండి మాస్టారూ, దేవుడు మీకంటూ ఏటో ఒకటి దాచే ఉంటాడు. మా గిన్నెల జోలికి మాత్రం రాకండి" అంది.

అలా ఉండగా, ఎనభై దాటిన స్వామికి డాక్టరు పాలూ పంచదారా మానమన్నాడు. లోకంలో స్వామికి మిగిలిన రుచల్లా పొద్దున పూజ అయ్యాక తాగే కాఫీ ఒక్కటే. పాలు లేని డికాషన్ ఇస్తే ఒక గుక్క తాగి, నవ్వి, మర్నాటి నుంచి అసలు వద్దన్నారు. ఎవరితోనూ ఏమీ అనలేదు. కానీ పొద్దున్నే వంటశాల వైపు చూసే చూపు మాత్రం మానలేదు.

ఒకసారి బెంగుళూరు భక్తుడొకాయన కారులో ఎస్ప్రెసో మిషన్ పెట్టుకొచ్చాడు. వేణ్నీళ్లని పొడిలోంచి బలంగా తోసి, చిక్కటి కాఫీ దించే యంత్రం. చిన్న కప్పులో రెండు గుక్కలంత దించి ఇచ్చాడు. పైన తేనెరంగు నురగ. స్వామి తాగి, కళ్లు మూసుకుని, "పాలు లేవన్న సంగతే తెలియలేదు నాయనా" అన్నారు.

ఆ మాట విన్న మాస్టారు అక్కడికక్కడే, "ఈ సేవ నాకివ్వండి స్వామీ" అన్నారు.

ఇచ్చారు. అయితే ఏ మిషన్ కొనాలి? మాస్టారు విశాఖపట్నం దుకాణాలన్నీ తిరిగి, కాగితాల కట్టతో వచ్చారు. ఒకటి గింజలు తనే మరాడి, తనే అణిచి, తనే దించి, తనే కడుక్కుంటుంది. రంగురంగుల దీపాలు వెలుగుతాయి. ఇంకొకటి చిన్నది. ఒక మీట, పిడి ఉన్న గిన్నె, ఒత్తిడి చూపించే ముల్లు, అంతే. మిగతాదంతా మనిషే చెయ్యాలి.

"పెద్దది కొంటే పొరపాటుకి చోటుండదు స్వామీ."

"తాగేది ఎంతమంది?"

"మీరొక్కరే."

"పాడైతే?"

"మనిషి బెంగుళూరు నుంచి రావాలిట."

"చిన్నది పాడైతే?"

"నేనే విప్పి చూసుకోవచ్చు. నాలుగు మరలు."

స్వామి తన కమండలం చూపించారు. "గుక్కెడు నీళ్ల కోసం ఏనుగుని కొని, తొండంతో పోయించుకుంటామా నాయనా?"

చిన్నదే వచ్చింది. "మిషన్‌లో మిగుల్చుకున్నది మరకి పెట్టండి సార్, పొడి బాగుంటేనే కాఫీ" అని దుకాణదారు చెబితే, గింజలు పొడి చెయ్యడానికి చేత్తో తిప్పే మంచి మర కూడా తెచ్చారు. ఆశ్రమం తోటలో పండి, తాయారమ్మ మూకుడులో వేయించే గింజలు ఉండనే ఉన్నాయి. కోతుల భయానికి అన్నీ ఒక అలమరలో పెట్టి, తాళం వేసి, ఆ తాళంచెవి మాస్టారు మొలతాడుకి కట్టుకున్నారు. లక్ష్మీదేవి కొలువైనట్టు ఆయన నడకే మారిపోయింది.

ఇక్కడొక చిక్కుంది, వినండి.

మాస్టారు కాఫీ తాగరు. తాగేవారు, మానేశారు. భార్య అస్థికలు గంగలో కలిపిన రోజున, కాశీలో ఇష్టమైనది ఒకటి వదలాలి కదా! మనవాళ్లు చాలామంది ఏం చేస్తారు? ఇంట్లో ఎప్పుడూ తినని కాకరకాయ వదిలి వస్తారు. విశ్వేశ్వరుడికి అంతమాత్రం తెలియదనా? మాస్టారు అలాంటివారు కాదు. రోజూ పొద్దున ఆవిడా తానూ ఎదురెదురుగా కూర్చుని తాగిన కాఫీనే వదిలేసి వచ్చారు. ఆ తర్వాత కాఫీ చుక్క ఆయన నాలుకని తాకలేదు.

కాబట్టి ఆయన కాఫీ అంతా కొలత మీదే నడిచింది. గింజలు తూకం వేస్తారు. ముల్లు చూస్తారు. వాచీ చూస్తారు. కప్పు పట్టుకెళ్లి ఇస్తారు.

స్వామి సగం తాగి, సగం వదిలేస్తారు. రోజూ అంతే. ఆ సగాన్ని మాస్టారు తెచ్చి మల్లెపాదులో పోస్తారు.

"ఏటండి మాస్టారూ, ఇయ్యాలా మిగిల్చేశారా?" అంటుంది తాయారమ్మ. "మల్లెమొక్కకి నిద్దర పట్టటం లేదండి పాపం."

మొదట్లో మాస్టారూ నవ్వేవారు. తర్వాత నవ్వు రాలేదు. పెద్ద మిషనే కొనాల్సింది అనుకున్నారు. గింజల తప్పేమో అనుకున్నారు. ఆవులు తన్నినప్పుడే తెలుసుకోవాల్సింది, నా చేతికి సేవ రాసిపెట్టి లేదు అనుకున్నారు. ముసలాయనకి ఉన్న ఒక్క సంతోషాన్నీ రోజూ చెడగొడుతున్నానే అన్న బాధ మరీ ఎక్కువైంది. ఇదిగో, అందుకే ఆ తాళంచెవి మొలతాడు నుంచి విప్పి చేత్తో పట్టుకొచ్చారు.

స్వామి పూజాపీట ముందు కూర్చుని ఉన్నారు. పంచపాత్ర కడిగి బోర్లించి ఉంది. మాస్టారు కప్పు అందించి, తాళంచెవి పీట మీద పెట్టారు.

"ఇదేమిటి నాయనా?"

"నాకు సెలవిప్పించండి స్వామీ. ఈ సేవ కూడా నాకు అబ్బలేదు. పది గంటల రైలుంది."

స్వామి కప్పు అందుకున్నారు. కాఫీ తాగారు. ఎప్పటిలాగే సగం. తర్వాత పంచపాత్ర పక్కనున్న ఉద్ధరిణె తీసి, మిగిలిన కాఫీలో ముంచారు.

"చెయ్యి పట్టు."

మాస్టారు బిత్తరపోయారు. "స్వామీ, నేను కాశీలో..."

"నువ్వు కాశీలో వదిలింది నీ కాఫీ. ఇది నాది."

గురువు ఎంగిలి ప్రసాదం కాదని ఏ శాస్త్రం చెబుతుంది? మాస్టారు కుడి అరచెయ్యి గుంటగా పట్టారు. స్వామి ఉద్ధరిణెడు కాఫీ తీర్థంలా పోశారు. మాస్టారు కళ్లు మూసుకుని పుచ్చుకున్నారు.

ఒక్కసారిగా ముఖం ముడుచుకుపోయింది. పులుపు. నిమ్మతొక్క నమిలినంత పులుపు. ఆ వెనకాల ఉత్త నీళ్లు.

"స్వామీ... రోజూ మీరు తాగుతున్నది ఇదా?"

"సగం. మిగతా సగం నీకోసమే ఉంచుతున్నాను. నువ్వది మల్లెపాదుకి పోస్తున్నావు."

మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే, ఇది ఆయనకే వింతగా తోచింది, గుండెల మీది బరువేదో కొంచెం కదిలింది. ఇన్నాళ్లూ తన తప్పు పేరేమిటో ఆయనకి తెలియదు. ఇప్పుడు తెలిసింది. పులుపు. తన రాతలో తప్పైతే దిద్దుకోలేరు గానీ, పులుపుని దిద్దుకోవచ్చు కదా!

తాళంచెవి కోసం చెయ్యి చాపారు. స్వామి దాన్ని తన జపమాల కింద పెట్టుకున్నారు. "దీనికేం తొందర? అలమర తెరిచే ఉండనీ."

మాస్టారు వంటశాలకి వెళ్లి, మళ్లీ కాఫీ దించుతూ ఈసారి వాచీ చూడలేదు, కాఫీని చూశారు. గోరువంకలు లేచినట్టు బుర్రున దూకేసింది. పొడి చేతిలోకి తీసుకుని నలిపారు. మోటుగా, బొంబాయిరవ్వలా తగిలింది.

అప్పుడు వినపడింది ఆయనకి, ఎప్పుడో పోయిన తల్లి మాట. "మెత్తగా ఆడకురా, డికాషన్ దిగదు." నిజమే. ఇత్తడి ఫిల్టరుకి అదే ధర్మం. అందులో నీళ్లు తమంత తాము దిగాలి, మెత్తటి పొడైతే అడ్డం పడుతుంది. ఇక్కడ మిషన్ నీళ్లని తోస్తుంది. అడ్డం లేకపోతే అవి రుచి తీసుకోకుండానే పారిపోతాయి. మిషన్‌తో వచ్చిన పుస్తకం చూసి అన్నీ తూచిన మనిషి, మర బిగింపు దగ్గరికొచ్చేసరికి చిన్నప్పటి అలవాటు కొద్దీ మోటుగానే పెట్టేశారు.

పొడి మెత్తగా పడేలా మర బిగించారు. మర్నాడు ఉద్ధరిణెడు తీర్థం అందింది. ఈసారి మాడు చేదు. బొట్టు బొట్టుగా, ఏడుస్తూ దిగిన కాఫీ.

"తీర్థం పుచ్చుకుని ముఖం అలా పెడితే పాపం వొస్తాది మాస్టారూ" అంది తాయారమ్మ గుమ్మంలోంచి.

"నిన్న పులుపు, ఇవాళ చేదు" అన్నారు మాస్టారు.

"అయితే మధ్యలో ఎక్కడో ఉంది" అన్నారు స్వామి.

ఎక్కువ తక్కువలు రెండూ తెలిస్తే లెక్కల మాస్టారికి ఇంకేం కావాలి? మర ఒక పిసరు వదులు చేశారు. మిగతా ఏదీ ముట్టుకోలేదు. రుచి చూశారు. కప్పు చల్లగా ఉంటే కాఫీ నీరుగారిపోతోందని నాలుకే చెప్పింది. మర్నాటి నుంచి కప్పునీ, పిడిగిన్నెనీ ముందు వేణ్నీళ్లతో వెచ్చ చేశారు. తెరిచిన అలమర ముందు తాయారమ్మ అట్లకాడ పట్టుకుని కోతులని అదిలిస్తూ, "మీ కాఫీ ఏటో గానీ, నాకు కొత్త సేవ తెచ్చిపెట్టారు" అని సణిగేది. ఉద్ధరిణె రోజూ నిండుతూనే ఉంది. పది గంటల రైలు రోజూ కూత వేసుకుంటూ పోతూనే ఉంది. ఆ కూత మాస్టారి చెవిన పడటం ఎప్పుడు మానేసిందో ఆయనకే తెలియదు.

ఒకరోజు వాన వెలిసిన పొద్దున, కాఫీ సన్నటి తేనెధారలా దిగింది. మాస్టారు కప్పు పట్టుకెళ్లి ఇచ్చి, పీట ముందు కూర్చున్నారు.

స్వామి ఒక గుక్క తాగారు. వాన నీళ్లు చూరులోంచి కారుతుంటే చూస్తూ కూర్చున్నారు. మళ్లీ ఒక గుక్క తాగారు.

మాస్టారు కుడి అరచెయ్యి గుంటగా పట్టి ముందుకు చాపారు.

స్వామి కప్పు ఉద్ధరిణె మీదికి వంచారు. చుక్క రాలలేదు. ఇంకా వంచారు. రాలలేదు.

"ఇవాళ మిగల్లేదు నాయనా."

జపమాల జరిపి, తాళంచెవి తీసి, చాపి ఉన్న ఆ అరచేతిలో పెట్టారు.

మాస్టారు దాన్ని కళ్లకద్దుకున్నారు. అలవాటు కొద్దీ, తీర్థం పుచ్చుకున్న చేతిలా ఆ చేతిని తలమీద రాసుకున్నారు.