తుంగమడుగు చుట్టూ నక్క అడుగులు

ఆ అడవికి ఏనుగే పెద్ద. ఒక వేసవిలో అది చాటింపు వేయించింది. "అడవి మొత్తంలో ఏయే నేలలు చెడిపోకుండా కాపాడుకోవాలో మీరే చెప్పండి. ఎవరికి ఏ నేల కావాలో దాని అంచున తడిమట్టిలో అడుగు వేయండి. మూడు రోజులు గడువు. నాలుగో పొద్దున నేనొచ్చి చూస్తా. ఒక్క అడుగున్నా ఆ నేల జోలికి ఎవరూ పోకూడదు. అడుగే లేదా, ఇక ఎవరిష్టం వాళ్ళది."

చాటే పని నక్కకి పడింది. అడవంతా అరిచి చెప్పింది గానీ, తుంగమడుగు పక్కకొచ్చేసరికి దాని గొంతు పెగల్లేదు. ఎందుకు పెగుల్తుంది? అడుగు పడకపోతే గట్టు తెంపి నీళ్ళు వదిలేయొచ్చు, చేపలన్నీ దానివే!

ఆ మడుగు ఇసకలోనే ఒక తాబేలు పుట్టింది. మూడేళ్ళ కిందట కరువొచ్చి మడుగు ఎండితే దూరాన కొండవాగుకి వలసపోయింది. అక్కడ తిండికి లోటు లేదు. అయినా కళ్ళు మూసుకుంటే తుంగ వాసనే. 'నా గుడ్లూ ఆ ఇసకలోనే పెట్టాలి' అని ఎన్నిసార్లు అనుకుందో పాపం! మడుక్కి మళ్ళీ నీళ్ళొచ్చాయని విని నెలరోజులు నడిచింది. దారిలో చాటింపూ విన్నది. గడువులో తొలిరోజు సాయంత్రానికి మడుగు చేరి, గట్టున అడుగు వేసి, అలిసి అక్కడే పొదలో పడుకుంది.

తెల్లారి చూస్తే అడుగు లేదు. కొమ్మతో ఊడ్చిన చారలున్నాయి, చారల వెనకే నక్క అడుగులున్నాయి. ఏడుపు రాలేదా అంటే, వచ్చింది. కానీ ఎవరితో చెప్పుకుంటుంది? చాటింపు వేసినవాడే దొంగైతే!

అంతలో నక్కే ఎదురొచ్చింది. "ఏం అవ్వా, ఈ ఎండలో ఇంత దూరం వచ్చావు?"

"పుట్టినచోటు మీద బెంగ నాయనా. నిన్నో అడుగు వేశా, చెరిగినట్టుంది."

"గాలి అవ్వా, పాడు గాలి! వాగుకి పోయి హాయిగా పడుకో."

"పోతాలే. తూర్పు గట్టున ఒకటి, పడమట రెండు, అదిగో ఆ రెల్లు దగ్గర ఇంకోటి వేశాగా. ఏదో ఒకటి మిగలకపోదు."

వేసిందా? ఒక్కటీ వేయలేదు! ఆ నడకతో మడుగు చుట్టాలంటే వారం పడుతుంది.

నక్క వెంటనే పరుగెత్తింది. కొమ్మ నోట కరుచుకుని రెండు రోజులు మడుగు చుట్టూ ఊడ్చింది. దొరకని అడుగు కోసం ఊడ్చినచోటే మళ్ళీ ఊడ్చింది. వెనక్కి మాత్రం ఒక్కసారీ తిరిగి చూసుకోలేదు.

నాలుగో పొద్దున ఏనుగొచ్చి తొండం ఎత్తింది. "అబ్బో! ఇన్ని అడుగులు ఏ నేలమీదా చూళ్ళేదు. అన్నీ నీవేనటోయ్ నక్కా! ఈ మడుగంటే అంత ప్రేమా?"

"ప్రేమా? నాకా? అబ్బే..."

"మరి ఇన్నిసార్లు ఎందుకు తిరిగినట్టు?"

నిజం చెబితే వీపు పగులుతుంది. "చిన్నప్పట్నుంచీ... ఇష్టమేనండి" అని నక్క గొణిగింది.

"భేష్! తుంగమడుగు కాపాడాల్సిన నేలే. గట్టుకి గండి పడిందా, ముందు నిన్నే అడుగుతా."

ఏనుగు వెళ్ళాక నక్క పళ్ళు కొరికింది. "ముసల్దానా, నీ అడుగు ఒక్కటైనా లేదు, తెలుసా?"

తాబేలు వెనక కాళ్ళతో ఇసక తవ్వుకుంటోంది. గాలికి తుంగ వాసన వస్తుంటే దాని కళ్ళు చెమర్చాయి.

"తెలుసు నాయనా. నీవి ఉన్నాయిగా."

నీతి: ఒకరి మాట వినబడకుండా చేయాలని తిరిగేవాడు, తన తిరుగుడు కూడా కనబడుతుందని మరిచిపోతాడు.