కుడివైపు ఇండికేటరు

సుభానీ మేస్త్రిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. చిలకలూరిపేట దాటాక హైవే పక్కనున్న ఆ మోటారు సైకిళ్ళ షెడ్డులో ఈ సంగతి అందరికీ తెలుసు. పదకొండేళ్ళుగా అక్కడే పానా పట్టిన ఏసోబుకు మరీ బాగా తెలుసు. అయినా ఆ రోజు పొద్దున ఉండబట్టలేక అడిగేశాడు.

"మేస్త్రీ, వచ్చినోడల్లా 'గురవయ్య ఉన్నాడా' అనే అడుగుతున్నాడు. వాడొచ్చి రెండేళ్ళు కాలా. రేపు మీరు కంటి ఆపరేషనుకు గుంటూరు పోతే షెడ్డు కూడా వాడి చేతిలోనే పెడతారంట, టీకొట్టు దగ్గర అనుకుంటున్నారు. నా చేతిలో ఏం లోపముందో చెప్పండి."

మేస్త్రి రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. మనిషి ఎదురుగా నిలబడినా గొంతును బట్టే పోల్చుకుంటున్నాడు. ఆయన ఏసోబు వైపు ముఖం తిప్పి, "లైన్‌మన్ పేరయ్య బండి వచ్చింది. గురవయ్య ఇండికేటర్లు బిగిస్తాడు. ఎదర నువ్వు నిలబడు," అన్నాడు.

ఏసోబుకు ఒళ్ళు మండిపోయింది. అడిగిందేమిటి, చెప్పిందేమిటి?

ఎదర నిలబడడం ఆ షెడ్డు ఆచారం. బిగించినవాడు తన పనిని తాను చూసి సరే అనుకోకూడదు. అతను సీటు మీద కూర్చుని స్విచ్చి వేసి, హ్యాండిలు ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పుతాడు. ఇంకో పనివాడు ముందు ఒకసారి, వెనక ఒకసారి నిలబడి, ఏ దీపం వెలుగుతోందో ఏది లేదో గట్టిగా కేక వేయాలి. సీటు మీద కూర్చున్నవాడికి మీటరు మీది చుక్క మెరిస్తే చాలు, లోకమంతా వెలుగుతున్నట్టే ఉంటుందని మేస్త్రి అంటాడు. ఆ కేక విన్నాకే ఆయన ముందు చక్రం టైరు మీద సుద్దముక్కతో గీత గీస్తాడు. గీత పడకుండా బండి రోడ్డెక్కదు. చూపు మందగించిన దగ్గర్నుంచీ ఆయనకు ఆ కేకే కన్ను.

ఈ ఆచారమే ఏసోబుకు గొంతులో ముల్లయింది. అతను బిగించినప్పుడల్లా ఎదర నిలబడేది గురవయ్య. ఆ గురవయ్యకు మొహమాటం లేదు. "ఏసోబన్నా, ఎడమది నేల చూపులు చూస్తంది! కుడిది మెల్లగా కొడతంది!" అని గిరాకీ ముందే అరుస్తాడు. నిన్నగాక మొన్న వచ్చినవాడు పదిమందిలో తన పనికి వంకలు పెడుతుంటే, ఏసోబు పైకి నవ్వుతూ లోపల కుతకుతలాడిపోయేవాడు. రాత్రి అన్నం ముందు కూర్చున్నా ఆ గొంతే వినిపించేది. భార్య ఏమైందని అడిగితే, కూరలో ఉప్పు ఎక్కువైందనేవాడు పాపం. అసూయ ఉన్నవాడి ఇంట్లో కూరకు కూడా న్యాయం జరగదు.

పేరయ్య బండికి ముందువైపు పాత ఇండికేటర్లు రెండూ విరిగిపోయాయి. కరెంటు స్తంభాల పక్కన ఎక్కడ పడితే అక్కడ నిలబెట్టడం, అది పడిపోవడం మామూలే. ఈసారి బజారులో కొన్న రబ్బరు కాడల ఇండికేటర్ల జత తెచ్చుకున్నాడు, హ్యాండిలుకు బిగించే రకం. అవతల ఎక్కడో ఫ్యూజు పోయిందని ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే, "తొందరగా కానీయ్ గురవయ్యా," అని నెత్తిన కూర్చున్నాడు. ఆ తొందరలో గురవయ్య కుడివైపు వైరును ట్యాంకు కిందికి లాగి, ప్లాస్టిక్ ట్యాగుతో బిగించి కట్టేశాడు. హ్యాండిలు తిరగడానికి వైరు కాస్త వదులు ఉంచాలి. అది మరిచిపోయాడు. ఏ చేతికైనా జరిగే పొరపాటే అది.

ఇంజను ఆన్ చేసి, కుడి స్విచ్చి వేసి గురవయ్య హ్యాండిలు తిప్పాడు. నిటారుగా ఉన్నప్పుడు దీపం చక్కగా కొట్టింది. ఎడమ కొసకు తిప్పగానే వైరు బిగుసుకుని, దీపం ఠక్కున ఆరింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ ఆరింది. ఎదర నిలబడ్డ ఏసోబు రెండుసార్లూ చూశాడు.

చూసి సంతోషించాడు. దాచిపెట్టడం దేనికి, రెండేళ్ళలో అంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు. ఈ వైరు వారం తిరక్కుండా తెగుతుంది. పేరయ్య బండి ఈడ్చుకుంటూ వచ్చి షెడ్డు ముందు నిలబెట్టి నాలుగు మాటలంటాడు. మేస్త్రి వింటాడు. అప్పుడు తెలుస్తుంది అందరికీ, ఎవడి చెయ్యి ఎలాంటిదో.

"ఏంటన్నా, ఎలా ఉంది?" అన్నాడు గురవయ్య.

"బ్రహ్మాండంగా ఉంది!" అని కేక వేశాడు ఏసోబు.

మేస్త్రి తడుముకుంటూ వంగి టైరు మీద గీత గీశాడు. పేరయ్య బండెక్కాడు. అప్పుడు మేస్త్రి లుంగీ సర్దుకుని, "పేరయ్యా, మీ ఊరి అడ్డరోడ్డు దగ్గర నన్ను దింపయ్యా. మా అమ్మాయిని చూసి చాలా రోజులైంది," అంటూ వెనక సీటు ఎక్కి కూర్చున్నాడు.

అడ్డరోడ్డంటే హైవే మీద కుడికి తిరగాలి. ఎదురుగా పత్తి లారీలు ఆగకుండా వస్తుంటాయి. లారీవాడు చూసేది ముందున్న కుడి దీపాన్నే. వైరు ఈ రోజే తెగదని ఎవరు చెప్పొచ్చారు? బండి షెడ్డు ముందున్న కంకర దాటి తారు మీదికి ఎక్కబోతోంది.

"ఆపు! పేరయ్యన్నా, ఆపు! మేస్త్రీ, దిగండి!" అని అరుస్తూ ఏసోబు పరుగెత్తి, హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు. "తిప్పితే కుడిది ఆరిపోతంది."

పేరయ్య, మేస్త్రి దిగారు. గురవయ్య వచ్చాడు. హ్యాండిలు ఎడమకు తిప్పి, ముందుకు వంగి తొంగి చూసి, వైరు మీద వేలు పెట్టాడు.

"ఎప్పటి నుంచన్నా?"

"ఇందాకటి నుంచే," అన్నాడు ఏసోబు. తల ఎత్తలేదు.

గురవయ్య పళ్ళు బిగించి ట్యాగు కోసి, వైరును బెత్తెడు వదులు చేసి మళ్ళీ కట్టాడు. షెడ్డులో ఇంకా ఇద్దరు పనివాళ్ళు ఖాళీగా ఉన్నారు. అయినా అతను సీటు మీద కూర్చుని, "ఎదర నిలబడన్నా," అని ఏసోబునే పిలిచాడు.

ఏసోబు నిలబడ్డాడు. హ్యాండిలు ఇటు తిరిగింది, అటు తిరిగింది. అతను ఒకటికి నాలుగుసార్లు తిప్పించి చూశాడు. "వెలుగుతోంది," అన్నాడు. మళ్ళీ గట్టిగా చెప్పాడు.

పేరయ్య ఇద్దరినీ ఎగాదిగా చూసి ఏదో అనబోయి, మళ్ళీ ఫోను మోగడంతో బండి తీశాడు. మేస్త్రి మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. ఏసోబు భుజం మీద చెయ్యి వేసి, అడుగు చూసుకుంటూ లోపలికి నడిచాడు. బల్ల మీద కూర్చున్నాడు. ఏసోబు షెడ్డు మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండుననుకుంటూ నిలబడ్డాడు.

మేస్త్రి అడిగాడు:

"గురవయ్య ఉన్నాడా అని వాళ్ళు వెతుక్కునేది బిగించడానికని నీకెవరు చెప్పార్రా?"