ఓ కన్నేసి ఉంచిన ముగ్గురు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక బడి. ఎండలు ముదిరేసరికి కొంగ మాష్టారు బడికి సెలవులు ఇచ్చేశారు.

"వాగు ఎండిపోయింది. నాకిక్కడ ఒక్క చేప కూడా దొరకడం లేదు. తొలకరి దాకా బడి ఉండదు. పిల్లల్ని ఎండలో తిరగనివ్వకండి. వాగు వైపు అసలు పంపకండి," అని తల్లులందరికీ గట్టిగా చెప్పి, తాను మాత్రం ఎక్కడో దూరాన ఉన్న చెరువుకు ఎగిరిపోయారు. చెప్పడానికేం, ఎన్నయినా చెబుతారు. చూసుకునేదెవరో మాత్రం చెప్పలేదు.

పిల్లలూ, సెలవులంటే మీకు పండగే. ఆ రోజు మీ అమ్మ మొహం ఎప్పుడైనా చూశారా? ఆ అడవిలో సూదమ్మ అనే ముళ్లపంది మొహం కూడా అలాగే అయింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది రేగు, చిన్నవాడు పల్లేరు. వాళ్ల నాన్న పక్క అడవికి పనికి పోయాడు. గుట్ట మీద దుంపలు తవ్వుకునేది సరిగ్గా ఆ ఎండల్లోనే. తొలకరి పడితే దుంపలు మొలకెత్తి పీచుగా మారిపోతాయి. ఇక వానాకాలమంతా పస్తులే. పోనీ పిల్లల్ని వెంట తీసుకుపోదామా అంటే, గుట్ట మీద బండలు కాలిపోతుంటాయి. తవ్వుతుంటే రాళ్లు దొర్లిపడుతుంటాయి.

"బడి మూసేదీ అప్పుడే, పని మీద పడేదీ అప్పుడే! ఈ ఏర్పాటు చేసిందెవరో గానీ వాళ్లకు పిల్లలు లేరు!" అని సూదమ్మ విసుక్కుంది. ఆమె ఒంటి మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

ఆ అడవిలో ఒక అలవాటు ఉంది. 'ఈ పని నువ్వు చేస్తావా?' అని ఎవరూ సూటిగా అడగరు. అడగాలంటే మొహమాటం. 'కుదరదు' అని ఎవరూ అనరు. అనాలంటే ఇంకా మొహమాటం.

సూదమ్మ ముందుగా చెట్టు మీది కోతి దగ్గరికి వెళ్లింది.

"అన్నా, నేను గుట్టకు వెళ్తున్నా. పిల్లల మీద ఓ కన్నేసి ఉంచు," అంది.

"అదేం మాట చెల్లెమ్మా! మేం లేమూ? నిశ్చింతగా వెళ్లిరా," అన్నాడు కోతి.

తర్వాత దుప్పి దగ్గరికి వెళ్లింది.

"ఇది కూడా చెప్పాలా వదినా? వాళ్లు మన పిల్లలు కారూ?" అంది దుప్పి, తీరిగ్గా నెమరు వేస్తూ.

చివరికి అడవికోడి దగ్గరికి వెళ్లింది. దాని చుట్టూ బోలెడు కోడిపిల్లలు.

"నా పిల్లలతో పాటే వాళ్లూనూ. నువ్వెళ్లు అక్కా," అంటూనే అది ఓ కోడిపిల్ల వెంట పరిగెత్తింది.

సూదమ్మ అప్పుడైనా ఎవరో ఒకరిని నిలబెట్టి, "నువ్వు ఉంటావా, ఉండవా?" అని అడగాల్సింది. అడగలేదు. పైగా 'ఒకరు కాదు, ముగ్గురు చూస్తున్నారు. ఇక నాకేం భయం!' అనుకుని గుట్టెక్కేసింది.

మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు పల్లేరు కాలు గీరుకుపోయింది. ఎలా తగిలిందని అడిగితే ముగ్గురూ "అయ్యో, ఎప్పుడూ?" అన్నారు. సూదమ్మకు ఒళ్లు మండింది. అయినా మొహమాటపడి మర్నాడూ గుట్టెక్కేసింది.

మూడో రోజు దుంపలు మోసుకుని వచ్చేసరికి పిల్లలు లేరు.

"ఇందాకటి దాకా ఇక్కడే ఉన్నారే! దుప్పి దగ్గరుంటారు, చూడు," అన్నాడు కోతి.

"కోతన్న చూస్తున్నాడు కదా అని నేను కాస్త కునుకు తీశాను వదినా," అంది దుప్పి.

"దుప్పక్క దగ్గరున్నారనుకున్నా," అంది కోడి.

"అనుకుంటూ కూర్చోండి!" అని అరిచి, సూదమ్మ దుంపలక్కడే పడేసి వాగు వైపు పరిగెత్తింది. ఏం చెయ్యాలో తోచక ముగ్గురూ వెనకాలే వెళ్లారు.

వాగంతా ఎండిపోయినా ఒక్క గుంటలో బురద మిగిలింది. అందులో పల్లేరు మెడ దాకా కూరుకుపోయి ఉన్నాడు. ముళ్ల ఒంటిని పట్టుకుని లాగడం ఎవరి తరం? అందుకే రేగు ఒక తీగ వాడికి అందించింది. వాడు దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. రెండో కొస పళ్లతో కరిచిపట్టి గట్టు మీద నిలబడింది రేగు. దాని నోటి నుంచి రక్తం కారుతోంది. వదిలితే తమ్ముడు మునిగిపోతాడు.

సూదమ్మ కూడా తీగ కరిచిపట్టి, కాళ్లు తన్నిపట్టి లాగింది. పల్లేరు బయటపడ్డాడు. తల్లి వాణ్ని పట్టుకుని భోరుమంది.

"ముందు నేను చాలాసేపు అరిచానమ్మా. నేను తీగ కరిచిపట్టాక తమ్ముడు అరిచాడు. ఎవరూ రాలేదు," అంది రేగు.

కోతి తల దించుకున్నాడు. "విన్నాను చెల్లెమ్మా. దుప్పి దగ్గర్లోనే ఉంది కదా అనుకున్నా."

"నేనూ విన్నాను. కోడి వెళ్తుందిలే అనుకున్నా," అంది దుప్పి.

"నేనూ విన్నానక్కా," అంటూ కోడి ఏడ్చేసింది. "ఇంత పెద్దవాళ్లుండగా నేను వెళ్లి ఏం చేస్తానులే అనుకున్నా."

ముగ్గురూ విన్నారు. ఒక్కరూ కదల్లేదు. వీళ్లనేమనాలి పిల్లలూ?

"అయిందేదో అయింది. రేపట్నుంచి మేమందరం..." అని కోతి మొదలుపెట్టాడు.

"చాలు!" అంది సూదమ్మ. ఆమె ముళ్లు గలగలమన్నాయి. "అందరూ నాకొద్దు. రేపు ఎవరుంటారు? ఒక్కరు చెప్పండి. కుదరకపోతే కుదరదని చెప్పండి. నేనేమీ అనుకోను."

కోతి బుర్ర గోక్కున్నాడు. దుప్పి మళ్లీ నెమరు మొదలుపెట్టింది. కోడి కళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది.

"రేపు నువ్వు వచ్చేదాకా నా దగ్గరుంటారు. నా కళ్లముందు నుంచి కదలనివ్వను. ఎల్లుండి మాత్రం నాకు కుదరదక్కా."

సూదమ్మ ముళ్లు నెమ్మదిగా వాలిపోయాయి. సెలవులు మొదలైనప్పటి నుంచి ఆమెతో కుదరదన్నది ఆ కోడి ఒక్కతే. అందుకే రేపటి సంగతి నమ్మబుద్ధేసింది.

"సరే చెల్లీ. ఎల్లుండి నేనే గుట్టకు పోను," అంది.

ఆ వానాకాలం సూదమ్మ ఇంట్లో దుంపలు కాస్త తక్కువే. పిల్లలు మాత్రం ఇద్దరూ ఉన్నారు.

నీతి: పిల్లల్ని చూడమని అందరికీ చెబితే ఎవరికీ చెప్పనట్టే. ఒక్కరిని సూటిగా అడగాలి. ఆ ఒక్కరూ ఉంటాననో, కుదరదనో తేల్చి చెప్పాలి.