రావణుడికి ముళ్ళు

ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పడం ఖండోజికి అలవాటు లేదు, పని చెప్పడమే అలవాటు. మోక్షం ఎట్లా వస్తుందని అడిగిన ఒక పెద్దమనిషి చేత ఆయన తెరగుడ్డ ఉతికించాడు. ఆ పెద్దమనిషికి మోక్షం వచ్చిందో లేదో తెలియదు గానీ తెర మాత్రం తెల్లగా వచ్చింది. డెబ్భై దాటిన ఈ తోలుబొమ్మల గురువును బృందంలో అందరూ తాతా అనే పిలుస్తారు. ఆయన తీరు తెలిసిందే కాబట్టి కదిరమ్మ తన ప్రశ్నను పది రోజులు నోట్లోనే నానబెట్టుకుంది. పదకొండో రోజు ఇక ఓర్చుకోలేక అడిగేసింది.

"తాతా, రావణుడు ఎవరి సొత్తు? పదకొండేండ్లు ఆడించినదానిదా, నిన్నగాక మొన్న వచ్చి ఎత్తి పట్టుకున్నదానిదా?"

నిన్నగాక మొన్న వచ్చినది రేణుక. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఆట నేర్చుకోవడానికి వచ్చి రెండేళ్ళయింది. పది రోజులుగా సాధనలో రావణుణ్ణి ఎత్తుతున్నది ఆమే. ఇక రావణుడంటే బృందంలో అన్నిటికంటే పెద్ద బొమ్మ. పది తలలు, ఇరవై చేతులు, నిలబెడితే మనిషెత్తు. దాన్ని రెండు చేతులతో తలకంటే పైకి ఎత్తి తెరకు ఆనించి పట్టుకోవాలి. బొమ్మ కదలకుండా కూర్చునే ఘట్టం వస్తే, దాన్ని ఈతముళ్ళతో తెరకు గుచ్చేసి చేతులు దించుకోవడం ఆటగాళ్ళందరూ చేసే పనే. కదిరమ్మ మాత్రం ఏనాడూ ముల్లు ముట్టలేదు. ముల్లు గుచ్చితే రావణుడు గోడమీది పటమైపోతాడని, తన చేతుల్లో ఉంటే ఊపిరి తీస్తాడని ఊరూరా చెప్పుకునేది. నిజం చెప్పాలంటే అందులో సగం కళ, సగం గర్వం.

ఆ గర్వం ఏడాది కిందట చెప్పాపెట్టకుండా చేతుల్లోంచి జారిపోవడం మొదలుపెట్టింది. ముందు జడ వేసుకుంటుంటే మధ్యలో చెయ్యి కిందికి వాలిపోయింది. తర్వాత నేల మీద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేకపోయింది. పది గంటలు నిద్రపోయినా రాత్రంతా రాళ్ళు మోసినట్టే లేచేది. గొంతు బొంగురుపోయింది. ఇంత జరుగుతుంటే ఒళ్ళు చిక్కకపోగా నిండుగా అయింది. చూసినవాళ్ళంతా, "కదిరమ్మ సుఖపడుతున్నట్టుంది, ఒళ్ళు చేసింది" అని మురిసిపోయారు. ఆస్పత్రి డాక్టరమ్మ రక్తం తీయించి, కాగితం చూసి, "థైరాయిడ్ కావచ్చు. ఈ లెక్క తేల్చడానికి చాలదు, ఇంకోసారి రక్తం ఇవ్వాలి" అంది. అది జరిగి రెండు నెలలు. కదిరమ్మ మళ్ళీ ఆ వైపు పోలేదు. కాగితం మీద జబ్బు పేరు పడితే రావణుడు తన చెయ్యి దాటిపోతాడని భయం. బృందంలో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

రేణుక మీద ఆమెకు కడుపుమంట. పిల్లకు పాట వచ్చనో, మొగుడు మంచివాడనో కాదు. రేణుక నేల మీద నుంచి లేచే తీరు చూసి. మోకాలి మీద చెయ్యి ఆనించదు, గోడ వెతుక్కోదు, మాట్లాడుతూ మాట్లాడుతూనే లేచి నిలబడుతుంది. తను లేచినట్టు తనకే తెలియదు. రోజుకు ఎన్నిసార్లు లేస్తుందో కదిరమ్మ చూస్తూ ఉండేది. చూసిన ప్రతిసారీ లోపల ఏదో చుర్రుమనేది. రావణుడిని ఎత్తుకుంటే ఎత్తుకుంది, ఇంత సులువుగా లేవడానికి దీనికి ఏం హక్కుంది అని కుళ్ళుకునేది.

కదిరమ్మ ప్రశ్న విని ఖండోజి బీడీ ఆర్పాడు.

"జాతర నాలుగు దినాలుంది. ముండ్లు అయిపోయినాయి. వంక కాడికి పోయి ఈతముండ్లు ఏరకరాపో. రావణునికి ఎట్లాంటివి కావల్నో నీకు తెలుసు గదా."

ముళ్ళు ఏరడం కొత్తగా చేరినవాళ్ళ పని. అయినా తాత మాట కాదనలేక పోయింది. వంక ఒడ్డున పొట్టి ఈతచెట్ల దగ్గర గొంతుక్కూర్చుని, మట్టల మొదట్లో ఉండే గట్టి ముళ్ళను కత్తితో ఒక్కొక్కటే కోసింది. ఏరడమైతే అయింది గానీ లేవడం కాలేదు. పట్టుకోవడానికి గోడ లేక ఈతమట్టనే పట్టుకుంది, అరచేతిలో ముల్లు దిగింది. రక్తం చూస్తూ, "రేణుకైతే ఎప్పుడో లేచిపోయేది" అనుకుంది. ఆ మంట మీద దారిపొడవునా ఒకటే ఆలోచన నడిపించింది. కొట్టానికి చేరేసరికి ముళ్ళన్నీ కొంగులో ముడేసి నడుములో దోపుకుంది. తెర పక్కన ముళ్ళు పెట్టే డబ్బా ఖాళీగానే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే సాధన. కొట్టం రేకుతలుపులు మూసి, తెర వెనక దీపం వెలిగించారు. అంగదుడు రావణుడి కొలువుకు రాయబారం వచ్చే ఘట్టం. "రావణుని మాటలు నువ్వు చెప్పు, బొమ్మ పిల్ల పట్టుకుంటాది" అని ఖండోజి కదిరమ్మను దీపం ముందర పెట్టె మీద కూర్చోబెట్టి, తను అంగదుణ్ణి అందుకున్నాడు. రావణుడు సింహాసనం మీద కదలకుండా కూర్చోవాలి. రేణుక బొమ్మను తెరకు ఆనించి, ఒక చెయ్యి డబ్బాలో పెట్టింది. డబ్బా అడుగు తగిలింది. చేసేదేమీ లేక మళ్ళీ రెండు చేతులూ పైకెత్తింది.

ఆ రోజు అంగదుడికి ఎక్కడలేని ఓపిక వచ్చింది. ఒక పద్యం పాడిన చోట మూడు పాడాడు. మధ్యలో కిష్కింధ సంగతులన్నీ చెప్పాడు. పావుగంట గడిచేసరికి రేణుక మోచేతులు వణకడం మొదలైంది. కదిరమ్మకు ఏడాదిలో ఎన్నడూ కలగనంత సంతోషం కలిగింది. తెలియనీ, చెయ్యి బరువంటే ఏమిటో తెలియనీ అనుకుంది. తెర మీద పది తలలూ చలిజ్వరం వచ్చినట్టు ఊగాయి.

"అక్కా," అంది రేణుక పళ్ళ బిగువున, "నా చేత కావడం లేదక్కా. చేతులు పడిపోతాండాయి. ఇన్నేండ్లు ఎట్లా పట్టుకుంటివక్కా?"

కదిరమ్మ సంతోషం అక్కడే చచ్చిపోయింది. నా చేత కావడం లేదు. ఏడాదిగా తన గొంతులో అడ్డంపడ్డ మాట అది. ఈ పిల్ల పావుగంటలో, సిగ్గూ శరమూ లేకుండా, దాహం వేస్తే నీళ్ళడిగినట్టు అనేసింది. కదిరమ్మ దానికీ ఓర్వలేకపోయింది. ఓర్వలేకపోతూనే నడుములో కొంగుముడి విప్పింది.

తెర కట్టిన వెదురు గుంజ పట్టుకుని లేచింది. ఒక ముల్లు తీసుకుని రావణుడి కిరీటం వైపు చెయ్యెత్తింది. చెయ్యి రొమ్ము దాకా వచ్చింది, భుజం దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. దీపం వెనకనుంది కాబట్టి ఆ చెయ్యి నీడ తెర మీద రావణుడి నడుము దగ్గర పెద్దదిగా పడింది. అది ఎంత ప్రయత్నించినా పైకి పోకపోవడం కొట్టంలో ఉన్నవాళ్ళంతా చూశారు. అంగదుడి పద్యం ఆగింది, మద్దెల ఆగింది.

"ఇంతకంటే పైకి లేవదు," అంది కదిరమ్మ. ఎవరితో అందో ఆమెకే తెలియదు.

రేణుక బొమ్మను భుజానికీ ఎడమచేతికీ మధ్య ఇరికించుకుంది. కుడిచేతిని కదిరమ్మ మోచేతి కింద పెట్టి మెల్లగా పైకెత్తింది. ముల్లు కిరీటంలో దిగింది. భుజాల దగ్గర రెండు కూడా అట్లాగే గుచ్చారు. నడుము దగ్గరది కదిరమ్మ తనే గుచ్చింది. రావణుడి వణుకు ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచక్కా?"

"ఏడాది. ఇంగోసారి రక్తం ఇమ్మన్నారు. పోలేదు."

"రేపు పోదాం పా. నేనూ వస్తా."

రేపు పోదాం అన్న మాటలో కూడా అలుపు లేదు. కదిరమ్మకు మళ్ళీ చుర్రుమంది. కానీ ఆ పిల్ల చెయ్యి ఇంకా తన మోచేతి కిందనే ఉంది. తీసెయ్యమనాలనిపించలేదు.

ఖండోజి అంగదుణ్ణి పక్కన పెట్టి వచ్చాడు. ఆ ఉదయమే కోసిన పచ్చిముళ్ళను చూశాడు. ఖాళీ డబ్బాను చూశాడు. విప్పిన కొంగుముడిని కూడా చూశాడు.

"రావణుడు ఎవరి సొత్తని అడిగితివి గదా. చూడు, ఇప్పుడు ఎవరు పట్టుకోనుండారో."

ఇద్దరూ తలెత్తారు. బొమ్మ మీద ఎవరి చెయ్యీ లేదు. పది తలలతో రావణుడు నిబ్బరంగా కొలువుతీరి ఉన్నాడు. కదిరమ్మ మిగిలిన ముళ్ళను తలొంచుకుని డబ్బాలో పోయబోయింది.

"ముండ్లు కొంగులో దాచినావు, సరే," అన్నాడు ఖండోజి. "చెయ్యి లేవదనే మాట గూడా ఏడాదిగా ఆ కొంగులోనే ముడేసుకోనుంటివా? రెండూ ఆటకు పనికొచ్చేవే గదమ్మా."